ఐపీ పెడితే ఇల్లు కూడా పోతుందా? దివాలా తీసిన మనిషికి చట్టం మిగిల్చేవి ఏవి

బోధన్‌లో దివాలా అనే మాట వినగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్యాక్టరీయే. నిజాం హయాంలో 1930ల చివర్లో మొదలై, షక్కర్‌నగర్ అనే పేరే తెచ్చిపెట్టిన చక్కెర కార్ఖానా అది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ పడింది. చివరికి వ్యవహారం హైదరాబాద్‌లోని ఎన్‌సీఎల్‌టీకి చేరి, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. కంపెనీ దివాలా తీస్తే ఏమవుతుందో మన వాళ్ళు పేపర్లో చదివి కాదు, ఇంట్లో కూర్చుని చూశారు.

కానీ మనిషి దివాలా వేరే సంగతి. కంపెనీకి భార్యాపిల్లలు ఉండరు, వంటగిన్నెలు ఉండవు, రేపు మళ్ళీ పనికి పోవాల్సిన అవసరం ఉండదు. అందుకే దాని ఆస్తి దాదాపు అంతా అమ్మకానికి వస్తుంది. అక్కడ కూడా కార్మికుల పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల సొమ్మును లిక్విడేషన్ ఆస్తిలో కలపకూడదని 2016 నాటి దివాలా చట్టమే చెబుతుంది. మనిషి విషయంలో చట్టం ఇంకా చాలా మిగులుస్తుంది. ఏం మిగులుస్తుందో తెలియకనే మన దగ్గర చాలామంది మిగిలేదాన్ని కూడా ముందే పోగొట్టుకుంటున్నారు.

"భాయ్, ఐపీ పెడితే ఇల్లు కూడా పోతదా?" అని అడిగేవాళ్ళకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. మీరు ఏం పని చేసి బతుకుతున్నారు, ఆ ఇంటిని ఎక్కడైనా కుదువ పెట్టారా అన్న రెండు ప్రశ్నల మీద అది ఆధారపడి ఉంటుంది.

ఐపీ అంటే ఏది, ఏది కాదు

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. మన దగ్గర ఇప్పటికీ దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అంటారు. అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పులకు సొంతంగా హామీ ఇచ్చినవారికి మాత్రమే అమల్లోకి తెచ్చారు. రైతు, కిరాణా వ్యాపారి, ఆటో నడిపే మనిషి, టీచరు... వీళ్ళందరికీ నూరేళ్ళు దాటిన ఆ పాత చట్టమే దిక్కు. అదెంత పాతదంటే, దివాలా తీసిన యజమాని దగ్గర పనిచేసిన నౌకరుకు ముందుగా ఇవ్వాల్సిన జీతం బాకీ మొత్తం కలిపి 20 రూపాయలు దాటకూడదని అందులో రాసి ఉంది. పిటిషన్ వేయడానికి కనీస అప్పు 500 రూపాయలు.

పిటిషన్ వేయాల్సింది జిల్లా కోర్టులో, లేదా ఆ అధికారం ఇచ్చిన కింది సివిల్ కోర్టులో. అప్పులెన్ని, ఎవరెవరికి, ఆస్తి ఎంత అన్నది పూర్తిగా రాసివ్వాలి. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి కోర్టు లేదా రిసీవర్ చేతికి పోతుంది. అప్పటినుంచి బాకీదారులు కోర్టు అనుమతి లేకుండా ఆ అప్పుల మీద కొత్తగా దావా వేయలేరు.

వకీలు చేత బాకీదారులందరికీ "మా క్లయింటు ఐపీ పెడుతున్నాడు" అని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపడం మన జిల్లాల్లో ఒక రివాజు అయిపోయింది. ఆ కాగితం ఐపీ కాదు. దానివల్ల ఒక్క రూపాయి అప్పు కూడా మాఫ్ కాదు. పైగా అప్పులు కట్టడం ఆపేస్తున్నానని మీరే రాతపూర్వకంగా చెప్పినట్టవుతుంది. దాన్నే పట్టుకుని బాకీదారుడు మూడు నెలల్లోపు మీమీద ఇన్సాల్వెన్సీ పిటిషన్ వేయవచ్చు. ఇంకో తికమక కూడా ఉంది. ఈపీ వేరు, ఐపీ వేరు. ఈపీ అంటే దావా గెలిచిన బాకీదారుడు డిక్రీ అమలు చేయమని వేసేది. కింద చెప్పబోయే రక్షణలు రెండింటిలోనూ ఒకటే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం దేన్ని జప్తు చేయకూడదో, దాన్ని దివాలా రిసీవర్ కూడా ముట్టుకోకూడదని 1920 చట్టం 28వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఐపీ పెట్టాలని అనుకోనివాళ్ళకు కూడా ఈ 60వ సెక్షన్ తెలిసి ఉండాలి.

ఒక ఇల్లు అనుకుందాం

బోధన్ మండలంలో ఒక కుటుంబం ఉందనుకోండి. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. చెరకు పోయాక వరి, సోయా, కొంత పసుపు వేస్తున్నారు. భార్య బీడీలు చుడుతుంది, పీఎఫ్ ఉంది. అమ్మాయి పెళ్ళికి, బోరుకు, ఆస్పత్రికి చేసిన అప్పులు మిత్తితో కలిసి 9 లక్షలు అయ్యాయి. ప్రామిసరీ నోట్ల మీద తెచ్చినవే ఎక్కువ. ఒక బాకీదారుడు కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకున్నాడు.

ముందు ఇల్లు. ఆయన సొంతంగా సేద్యం చేసి ప్రధానంగా దానిమీదే బతికే రైతు, ఆ ఇంట్లో ఆయనే ఉంటున్నాడు. కాబట్టి ఇల్లు, దాని కింది స్థలం, ఇంటిని ఆనుకుని వాడకానికి అవసరమైన జాగా జప్తుకు రావు. కౌలుదారు అయినా, వ్యవసాయ కూలీ అయినా ఇదే రక్షణ. కూలీలకు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు కూడా వర్తిస్తుంది. పాలేర్లను పెట్టి చేయించినా సొంత సేద్యం కిందే లెక్క.

భూమి సంగతి అలా కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇంటికి ఉన్న రక్షణ పొలానికి లేదు. ఆ రెండెకరాలను డిక్రీ కింద జప్తు చేయవచ్చు, ఐపీలో అయితే రిసీవర్ చేతికి పోతుంది. బ్యాంకుకు తాకట్టు పెట్టి ఉంటే బ్యాంకు హక్కే ముందు. ఒక్క ఊరట ఏమిటంటే, కోర్టుకు పోకుండా 60 రోజుల నోటీసుతో ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. దానికి బ్యాంకు కోర్టు దారిలోనే రావాలి.

నాగలి, పనిముట్లు, సేద్యానికి కావాల్సిన పశువులు, విత్తనం గింజలు మిగులుతాయి. ఎన్ని పశువులు, ఎంత విత్తనం అన్నది కోర్టు తేలుస్తుంది. బర్రెలు పాల కోసమే ఉంటే వాటిమీద వాదన నడుస్తుంది. ట్రాక్టరు ఫైనాన్స్‌లో ఉంటే వాదనే అక్కర్లేదు, అది ఫైనాన్స్ వాళ్ళకు తాకట్టు ఉన్నట్టే.

కట్టుబట్టలు, వంటగిన్నెలు, మంచాలు, పరుపులు ముట్టుకోకూడదు. భార్య బీడీ కూలి ఆమెది, భర్త అప్పుకు దానితో సంబంధం లేదు. అప్పు ఆమె పేరు మీదే ఉన్నా కూలి డబ్బులు జప్తుకు రావు. ఆమె పీఎఫ్ మీద చెయ్యి వేసే హక్కు డిక్రీదారుకూ లేదు, దివాలా రిసీవర్‌కూ లేదు. బీడీలు చుట్టే కత్తెర, చేట కూడా పనివాళ్ళ సామాను కిందే వస్తాయి. టౌన్‌లో అయితే దర్జీ మిషను, మెకానిక్ పానాలు, వడ్రంగి ఉలి, వెల్డర్ సామాను అంతే. అప్పు తీసుకుని తాకట్టు పెట్టనంతవరకే సుమా.

జీవిత బీమా పాలసీ మీద వచ్చే సొమ్ము కూడా ఆ మినహాయింపులో ఉంది. 1874 నాటి మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ చట్టం 6వ సెక్షన్ కింద భార్యాపిల్లల పేరిట పాలసీ తీసుకుంటే ఇంకా గట్టి రక్షణ. ఆ సెక్షన్ 1923 నుంచి ముస్లింలకూ వర్తిస్తోంది.

టౌన్ వాళ్ళకు అంత ఊరట లేదు

ఇదే అప్పు నిజామాబాద్‌లో బట్టల దుకాణం నడిపే మనిషికి ఉంటే కథ మారిపోతుంది. ఆయన రైతు కాదు, కూలీ కాదు. కాబట్టి సొంత ఇంటికి 60వ సెక్షన్ రక్షణ లేదు. దుకాణం సరుకు కూడా పోతుంది. నౌకరీ చేసేవాళ్ళ ఇల్లు కూడా అంతే. అద్దె ఇంట్లో ఉంటే, ఆ ఇంటికి అద్దె నియంత్రణ చట్టం వర్తించేదైతే, కిరాయిదారు హక్కును మాత్రం జప్తు చేయలేరు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. కంపెనీ అప్పులకు హామీ ఇచ్చిన పెద్దమనుషులకు కొత్త చట్టం కింద వచ్చిన నిబంధనల్లో, తాకట్టు లేని ఒక ఇల్లు టౌన్‌లో 20 లక్షల విలువ దాకా, పల్లెలో 10 లక్షల దాకా మినహాయించారు. లక్ష రూపాయల దాకా ఆచారపు నగలు కూడా వదిలేశారు. కోట్ల అప్పుకు జమానత్ ఉన్న డైరెక్టరుకు తల దాచుకునే గూడు ఉంచిన చట్టం, గాంధీ చౌక్‌లో చిన్న దుకాణం పెట్టుకున్నవాడికి ఆ మాత్రం ఉంచలేదు. వ్యక్తుల భాగాన్ని అందరికీ అమల్లోకి తెస్తే ఈ తేడా పోతుంది. ఇన్నేళ్ళుగా అది కాగితాల్లోనే ఉంది.

జీతగాళ్ళకు ఇల్లు లేకపోయినా జీతంలో చాలా భాగం మిగులుతుంది. మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 25,000 జీతం అనుకుంటే, వెయ్యి పోను 24,000లో 16,000 మీదే. అంటే జప్తుకు వచ్చేది నెలకు 8,000 మాత్రమే. అది కూడా ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోశాక ఆగిపోవాలి, ఆ డిక్రీకి మళ్ళీ కోయకూడదు. భార్యకు ఇవ్వాల్సిన మనోవర్తి డిక్రీ అయితే లెక్క వేరు, అక్కడ మూడో వంతు మాత్రమే మిగులుతుంది.

రిటైరైనవాళ్ళ పెన్షన్, గ్రాట్యుటీ జప్తుకు రావు. గ్రాట్యుటీ డబ్బును బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకున్నా దాని స్వభావం మారదని సుప్రీంకోర్టు ఒక పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసులో చెప్పింది. ఖాతా ఫ్రీజ్ అయితే ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూపించే కాగితాలే మీకు ఆధారం. అందుకే పెన్షన్ ఖాతాలో వేరే డబ్బు కలపకుండా ఉంచుకోవడం మంచిది.

ఆడవాళ్ళ నగలు, మెహర్, హిబా

మతాచారం ప్రకారం ఏ స్త్రీ అయినా విడవకూడని నగలను జప్తు చేయకూడదని చట్టంలో ఉంది. మంగళసూత్రం దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. మన దక్కన్ ముస్లిం ఇళ్ళల్లో పెళ్ళికి కట్టే నల్లపూసల లచ్ఛా కూడా ఆ కోవలోదేనని కోర్టులో వాదించుకోవచ్చు. మిగిలిన బంగారానికి ఈ వాదన పనికిరాదు.

అయితే అంతకన్నా బలమైన మాట ఒకటుంది. భార్య బంగారం అసలు భర్త ఆస్తే కాదు. పుట్టింటివాళ్ళు ఇచ్చింది, మెహర్ కింద ఆమె చేతికి వచ్చింది ఆమె సొంతం. భర్త అప్పుకు దాన్ని జప్తు చేస్తే, ఆమె తన పేరుతో కోర్టులో క్లెయిమ్ పిటిషన్ వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్ 58వ రూల్ ఉన్నది అందుకే. నగల బిల్లులు, నికాహ్‌నామా, ఫొటోలు అప్పుడు పనికొస్తాయి. అమ్మకం జరిగిపోయాక వేస్తే వినరు.

ఇవ్వకుండా మిగిలిన మెహర్ విషయం వేరు. అది భర్త మీద ఉన్న బాకీ. అంటే భార్య కూడా ఒక బాకీదారే. ఐపీలో ఆమె పేరు, మొత్తం రాయాలి. కానీ మెహర్‌కు అందరికన్నా ముందు వరుస ఏమీ లేదు. మిగతా నోటు బాకీదారులతో పాటే ఆమెకూ వాటా వస్తుంది.

ఇక హిబా. అప్పులు పెరగగానే ఇంటినో భూమినో భార్య పేరిట, తమ్ముడి పేరిట హిబా చేసేయమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి గల్లీలో ఉంటారు. ముస్లింల నోటి హిబాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పిన మాట నిజమే. కానీ దివాలా చట్టం 53వ సెక్షన్ ఇంకో సంగతి చెబుతుంది. బదిలీ చేసిన రెండేళ్ళలోపు వేసిన పిటిషన్‌లో మీరు దివాలాదారు అయితే, సరైన ధర తీసుకోకుండా చేసిన ఆ బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు. బావమరిది బాకీ ఒక్కటే ముందు తీర్చేసి మిగతావాళ్ళకు ఐపీ పెట్టినా, మూడు నెలల్లోపు చేసిన ఆ చెల్లింపుకూ అదే గతి పట్టవచ్చు. ఆస్తి దాస్తే ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. రక్షణ ఉన్న రైతు ఇంటిని హిబా చేయడం మరీ తెలివితక్కువ పని. ఉంచుకుంటే చట్టమే కాపాడేదాన్ని అనవసరంగా తగాదాలోకి లాగినట్టవుతుంది.

ఐపీ ఆపలేనివి

గిర్వి పెట్టిన బంగారం, తాకట్టు పెట్టిన ఇల్లు, ఫైనాన్స్‌లో ఉన్న బండి... వీటిమీద హక్కు తాకట్టు పెట్టుకున్నవాడిది. 60వ సెక్షన్, ఐపీ రెండూ దాన్ని తీసేయలేవు. రైతు ఇంటి రక్షణ కూడా తాకట్టు డిక్రీ ముందు నిలబడదు. అందుకే చేతినోటు బాకీ తీర్చడానికి ఇంటిని తాకట్టు పెట్టి కొత్త అప్పు తెచ్చేవాళ్ళు ఒకసారి ఆగి ఆలోచించాలి. జప్తుకు రాని ఇంటిని అమ్మకానికి వచ్చే ఇల్లుగా మనమే మార్చుకుంటున్నాం.

చెక్ బౌన్స్ కేసు ఐపీతో ఆగదు. అది క్రిమినల్ కేసు, రెండేళ్ళ దాకా జైలు, చెక్కుకు రెట్టింపు దాకా జరిమానా ఉంది. సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చినవాళ్ళు ఈ సంగతి వకీలుకు మొదటే చెప్పాలి. మీకు జమానత్ ఉన్న బంధువు కూడా మీ ఐపీతో విడుదల కాడు. మీకు కోర్టు డిశ్చార్జ్ ఇచ్చినా బాకీదారుడు ఆయన మీదికి పోవచ్చు. ప్రభుత్వ బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, మనోవర్తి కూడా డిశ్చార్జ్‌తో పోవు. డిశ్చార్జ్ వచ్చేలోపు తండ్రి మీరాస్‌లో వాటా వస్తే అది కూడా రిసీవర్‌కే చెందుతుంది.

డిశ్చార్జ్ దానంతట అది రాదు. కోర్టు చెప్పిన గడువులోపు దరఖాస్తు చేయాలి, లేకపోతే దివాలా ఉత్తర్వే రద్దయిపోతుంది. ఆస్తి అప్పులో సగానికి కూడా సరిపోకపోతే, దానికి కారణం మీ తప్పు కాదని చూపించాలి. పంట పోవడం, రోగం రావడం ఒకటి, జూదం ఆడటం ఇంకొకటి. కోర్టు ఇచ్చే మాఫీతో దీన్‌లో కూడా బాకీ తీరిపోయినట్టేనా అని అడిగేవాళ్ళు ఉంటారు. కోర్టు విడుదల చేయడం వేరు, ఇచ్చినవాడు మాఫ్ చేయడం వేరు. అది ఉలమాను అడిగి తెలుసుకోవాల్సిన విషయం. అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు జకాత్ తీసుకోదగినవాళ్ళలో ఉన్నారన్న సంగతి మాత్రం చాలా కుటుంబాలు సిగ్గుతో మర్చిపోతుంటాయి.

దుబాయ్ అప్పు ఇంటిదాకా వస్తుందా

వస్తుంది. యూఏఈని 2020 జనవరి 17న కేంద్రం పరస్పర అమలు దేశంగా ప్రకటించింది. అక్కడి నిర్దేశిత కోర్టులు ఇచ్చిన డబ్బు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. క్రెడిట్ కార్డు బాకీ వదిలేసి వచ్చిన పిల్లలు ఉన్న ఇళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. అయితే అమలు జరిగేది ఇక్కడి చట్టం ప్రకారమే, కాబట్టి 60వ సెక్షన్ మినహాయింపులు అక్కడి బ్యాంకుకూ వర్తిస్తాయి. కొడుకు అప్పుకు తండ్రి పేరు మీద ఉన్న ఇల్లు, పొలం బాధ్యత కావు, తండ్రి సంతకం చేసి ఉంటే తప్ప.

తలుపు దగ్గరికి ఎవరైనా వస్తే

ముందు వచ్చింది ఎవరో చూడండి. ఫైనాన్స్ ఏజెంటు కోర్టు మనిషి కాదు. ఇంట్లో టీవీ, గ్యాస్ సిలిండర్ ఎత్తుకుపోయే హక్కు అతనికి లేదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది. సొంతంగా వడ్డీకి తిప్పేవాళ్ళకు తెలంగాణలో 1349 ఫస్లీ నాటి మనీ లెండర్స్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. నిజాం కాలపు లెక్కలో పేరున్న ఆ చట్టం ఇంకా బతికే ఉంది. దావా వస్తే లైసెన్సు చూపించమని మీ జవాబులో అడిగించండి. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవాళ్ళ కోసం 2016 చట్టంతో ఏర్పాటైన రాష్ట్ర రుణ విమోచన కమిషన్‌ను కూడా ఆశ్రయించవచ్చు.

వచ్చింది కోర్టు అమీన్ అయితే వారెంటు చూపించమనండి. పొద్దు గుంకాక, పొద్దు పొడవక ముందు ఇంట్లోకి రాకూడదు. పర్దా పాటించే ఆడవాళ్ళు గదిలో ఉంటే వాళ్ళకు ముందే చెప్పి, బయటికి వెళ్ళడానికి సమయం, వీలు ఇచ్చాకే ఆ గదిలోకి పోవాలని 62వ సెక్షన్‌లో రాసి ఉంది. డబ్బు డిక్రీ కింద స్త్రీలను అరెస్టు చేయకూడదు. మగవాళ్ళనైనా కేవలం కట్టలేని స్థితిలో ఉన్నారని జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తేల్చింది. ఉండి కూడా ఎగ్గొడుతున్నాడని రుజువైతేనే సివిల్ జైలు, అదీ మూడు నెలలు దాటకూడదు.

అమీన్‌తో గొడవ పడొద్దు. ఆయన రాసుకున్న జాబితా నకలు తీసుకుని, మర్నాడే కోర్టులో అభ్యంతరం వేయించండి. రైతు అని చూపడానికి పట్టాదారు పాసుపుస్తకం, కౌలు కాగితం. కూలీ అని చూపడానికి పీఎఫ్ స్లిప్పు, బీడీ కార్డు. అప్పు రాసేటప్పుడు "ఏ మినహాయింపూ అడగను" అని నోటులో సంతకం పెట్టించుకుని ఉన్నా భయపడక్కర్లేదు, అలాంటి ఒప్పందం చెల్లదని 60వ సెక్షన్‌లోనే ఉంది. వకీలుకు పైసలు లేకపోతే నిజామాబాద్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నగల మీద, ఇంటి సామాను మీద క్లెయిమ్ వేయాల్సింది చాలాసార్లు ఇంటి ఆడమనిషే కాబట్టి, ఆమెనే ముందు పంపించండి.